నర్సమ్మకు ముగియని పాఠం

కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని సంపాదకవర్గం వారు అడిగినప్పుడల్లా మేము ప్రబంధాలను గూర్చియో, శతకాలను గూర్చియో నాలుగు పేజీలు వ్రాసి ఇస్తూ వచ్చాము. ఈ ఏడు అట్లు చేయడానికి మనసు రాలేదు. ఈ సంవత్సరం మా తరగతిలో చేరిన విద్యార్థినులలో ఒకామె, తన తల్లి ఆశా కార్యకర్త అని చెప్పి, ఆమెకు శిక్షణలో ఇచ్చిన పాత పుస్తకం ఒకటి తెచ్చి, అందులోని 'శ్వాసావరోధం' అనే మాటకు అర్థమేమని అడిగింది. తెలుగు అధ్యాపకులమై ఉండి కూడా మేము వెంటనే బదులు చెప్పలేకపోయాము. మాట కఠినమై కాదు. ఆ మాటకూ మా కుటుంబానికీ ఒక పాత సంబంధం ఉన్నది. ఆ సంబంధాన్ని గూర్చి, దాని మూలాన మాకు తెలిసివచ్చిన ఒక విషయాన్ని గూర్చి ఈ నాలుగు మాటలు.

మా అమ్మీకి అక్కగారు, మేము ఖాలా అని పిలిచే ఆమె, ఏ.ఎన్.ఎం.గా పనిచేశారు. 1982లో పద్దెనిమిది నెలల శిక్షణ ముగించుకొని, కుందూ నదికి దగ్గరగా, నల్లరేగడి చేల నడుమ ఉన్న ఒక పల్లెలో ఉపకేంద్రానికి వచ్చారు. మైదాన ప్రాంతంలో అయిదు వేల జనాభాకు ఒక ఉపకేంద్రం అన్నది ప్రభుత్వపు లెక్క. ఆ అయిదు వేల మందికీ ఖాలా ఒక్కరే. ఉపకేంద్రం అంటే ఒక గది, ఒక వరండా, ఒక ఇనుప బీరువా, పసిపిల్లలను తూచే త్రాసు, గాజు సిరంజీలు మరగబెట్టడానికి ఒక కిరోసిన్ స్టవ్వు. ఊరివారికి ఆమె నర్సమ్మ. మా వీధి వారికి నర్సు ఆపా. వైద్యుడు ఉండేది పది మైళ్ల దూరంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో. వాగు పొంగితే ఆ పది మైళ్లూ నూరు మైళ్లయ్యేవి.

1997వ సంవత్సరం వానకాలంలో అట్లే వాగు పొంగింది. మాకప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మీకి నొప్పులు మొదలైనాయి. బస్సు లేదు. నానీ, మరి ఇద్దరు ఆడవాళ్లు అమ్మీని ఉపకేంద్రానికి నడిపించుకొని పోయారు. మేము వరండాలో కూర్చున్నాము. బిడ్డ పుట్టినట్లు లోపలి మాటలను బట్టి తెలిసింది గాని, ఏడుపు వినరాలేదు. దానికి బదులు చిన్నగా చరిచే చప్పుడు విన్నాము. ఖాలా బిడ్డను కాళ్లు పట్టి తలక్రిందులుగా ఎత్తి, వీపు మీదా, అరికాళ్ల మీదా తట్టుతున్నారు. తరువాత చల్లని నీళ్లు చిలకరించారు. మళ్లీ తట్టారు. కొంతసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది. మాకొక తమ్ముడు పుట్టి, ఏడవకుండానే వెళ్లిపోయినాడని ఆ సాయంత్రం నానీ చెప్పింది.

ఎవరూ ఖాలాను ఒక మాట అనలేదు. అనవలసినదీ లేదు. ఆనాడు మా ప్రాంతంలో మంత్రసాని గాని, నర్సమ్మ గాని, ఏడవని బిడ్డకు చేసే పని అదే. ఆమెకు నేర్పినదంతా ఆమె చేశారు. అయినా ఆ రాత్రి ఖాలా అన్నం ముట్టలేదని మాకు జ్ఞాపకం.

తరువాత పద్నాలుగేళ్లు గడిచాయి. 2011లో మేము యం.ఏ. చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాము. అప్పటికి మా కుటుంబం జిల్లా కేంద్రానికి మారింది. ఖాలా రెండు దినాల శిక్షణకని వచ్చి మా ఇంటిలోనే దిగారు. కేంద్ర ప్రభుత్వం 2009లో నవజాత శిశు సురక్షా కార్యక్రమం అనే పేరుతో ప్రారంభించిన శిక్షణ అది. పుట్టిన బిడ్డ ఊపిరి పీల్చకపోతే ఏమి చేయాలి అన్నదే అందులో ముఖ్యమైన పాఠం. మొదటి దినం సాయంత్రం ఖాలా ఇంటికి వచ్చి, మంచం మీది దిండు తీసుకొని, అమ్మీ ఎదుట కూర్చుండి, నేర్చుకున్నది చేసి చూపించారు.

బిడ్డను ముందు పొడి గుడ్డతో గట్టిగా తుడవాలట. తడిసిన గుడ్డ తీసివేసి వెచ్చగా మరొకటి కప్పాలట. మెడ మరీ వంగకుండా, మరీ వెనుకకు వాలకుండా తల నిలకడగా ఉంచాలట. వీపు నిమరాలట. అప్పటికీ ఊపిరి రాకుంటే ముక్కూ నోరూ మూసేటట్లు చిన్న మాస్కు పెట్టి, దానికి తగిలించిన రబ్బరు బ్యాగును మెల్లగా నొక్కి గాలి అందించాలట. ఇదంతా మొదటి నిమిషంలోనే మొదలు కావాలట. ఆ నిమిషాన్ని బంగారు నిమిషం అంటారట. తలక్రిందులుగా పట్టరాదు, చరచరాదు, చన్నీళ్లు చల్లరాదు. వాటి వలన మేలు లేదు సరికదా, బిడ్డ చల్లబడి హాని కలుగుతుంది.

అమ్మీ చేటలో బియ్యం ఏరుతున్నది. చేతులు ఆపి, "ఆపా, మనవాడికి ఇట్లా చేసి ఉంటే?" అని అడిగింది.

ఖాలా బదులు చెప్పలేదు. ఆ దిండును ఒడిలోనే పెట్టుకొని చాలాసేపు కూర్చున్నారు.

ఆ బిడ్డ దక్కి ఉండేవాడని మేము చెప్పలేము. ఏ వైద్యుడూ చెప్పలేడు. కాని ఆ సాయంత్రం నుండి ఒక ప్రశ్న మమ్మల్ని విడువలేదు. 1982లో శిక్షణ ముగించిన మనిషికి, 2011 వరకు ఈ పాఠం ఎందుకు అందలేదు? నడుమ ఇరవై తొమ్మిదేళ్లు ఆమె వందల పురుళ్లు పోశారు. ఆమె నేర్చుకోనన్నది లేదు. నేర్పడానికి ఎవరూ రాలేదు.

ఈ ప్రశ్న ఒక్క మా ఖాలాది కాదు. మన దేశపు ప్రజారోగ్య వ్యవస్థ అంతా ఆమె వంటి వారి మీదనే నిలిచి ఉన్నది. 1943లో ఏర్పడిన భోర్ సంఘం 1946లో ఇచ్చిన నివేదిక, వైద్యం పల్లెకు చేరాలంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కావాలని చెప్పింది. 1952లో సమాజ వికాస పథకంలో భాగంగా అవి వెలిశాయి. మొదట మలేరియాకు ఒకరు, మశూచికి ఒకరు, కుటుంబ నియంత్రణకు ఒకరు చొప్పున వేరు వేరు కార్యకర్తలు తిరిగేవారు. 1973లో కర్తార్ సింగ్ సంఘం, ఇంతమంది వద్దు, అన్ని పనులూ తెలిసిన బహుళార్థ కార్యకర్త ఉండాలని సిఫారసు చేసింది. ఏ.ఎన్.ఎం. కాస్తా బహుళార్థ ఆరోగ్య కార్యకర్త అయింది. 1978 సెప్టెంబరులో అల్మా-అటా నగరంలో ప్రపంచ దేశాలు అనేకం కూడి, ప్రాథమిక ఆరోగ్య సంరక్షణ అనేది వైద్యుల మీదనే గాక, తగిన శిక్షణ పొందిన నర్సుల మీద, మంత్రసానుల మీద, గ్రామ కార్యకర్తల మీద కూడా ఆధారపడుతుందని ప్రకటించాయి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చి, వేయి జనాభాకు ఒక ఆశా కార్యకర్తను నియమించింది.

ప్రతి సంఘమూ ఆమె నెత్తిన ఒక పని పెంచింది. ఆ పనికి తగిన చదువు మాత్రం ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకోవడమే జరుగుతూ వచ్చింది.

వైద్యశాస్త్రం మాత్రం ఒకచోట నిలిచి ఉండదు. ఖాలా ఉద్యోగంలో చేరిననాడు నేర్చుకొన్నదానిలో, ఆమె 2020లో పదవీ విరమణ చేసేనాటికి ఎంత మారిందో ఒకసారి లెక్క చూచాము. విరేచనాలైన బిడ్డకు ఉప్పు, చక్కెర కలిపిన నీరు ఇవ్వడం అనే పద్ధతిని 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ పెద్ద ఎత్తున వాడి వేలమందిని కాపాడారు. ఆ పొట్లంలోని పాళ్లనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో మార్చింది. సోడియం 90 నుండి 75కు తగ్గింది. దానితోబాటు కొన్ని దినాలు జింకు మాత్ర కూడా ఇవ్వాలని తరువాత చెప్పారు. మరగబెట్టి మళ్లీ మళ్లీ వాడిన గాజు సిరంజీ పోయి, ఒకసారి వాడితే మరి పనికిరాకుండా దానంతటదే బిగుసుకుపోయే సిరంజీ టీకాల పనికి వచ్చింది. క్షయరోగికి వారానికి మూడు దినాలు ఇచ్చిన మందులు 2017 నుండి ప్రతిదినం ఇవ్వసాగారు. పుట్టిన బిడ్డకు వెంటనే స్నానం చేయించడం మన ఇళ్లలో ఆచారం. ఇప్పుడు కనీసం 24 గంటలు ఆగమంటున్నారు. బొడ్డు వెంటనే కోయమని ఒకనాడు నేర్పారు. బిడ్డ బాగా ఊపిరి పీలుస్తూ ఉంటే ఒకటి నుండి మూడు నిమిషాలు ఆగి కోయడం మేలని ఈనాడు చెప్పుతున్నారు.

వీటిలో ఒక్కటి కూడా పెద్ద ఆసుపత్రిలో మాత్రమే జరిగే పని కాదు. అన్నీ పల్లెలో, ఇంటి గడపలో, నర్సమ్మ చేతిలో జరిగే పనులే. వైద్యులకు అయిదేళ్లలో 30 గంటలైనా పునశ్చరణ తరగతులకు హాజరు కావాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెప్పింది. గడపలోకి వచ్చే మనిషి నేర్చుకోవడానికి మాత్రం, ఆమె పని ఆగకూడదు, ప్రయాణపు ఖర్చు మించకూడదు, ఎదుట కూర్చున్న అధికారికి విసుగు రాకూడదు.

ఆమెకు శిక్షణలు లేవని మేము అనడం లేదు. ఆశా కార్యకర్తకు మొదట 23 దినాలు, తరువాత పసిబిడ్డల సంరక్షణకై విడతలుగా మరి 20 దినాలు శిక్షణ నిర్ణయించారు. నెలకొకసారి ఆరోగ్య కేంద్రంలో సమావేశం కూడా జరుగుతుంది. ఖాలాతో మేము ఒకసారి అట్టి సమావేశానికి తోడు పోయాము. ఎన్ని టీకాలు వేశారు, ఎన్ని పేర్లు నమోదు చేశారు, ఎందుకు తగ్గాయి అన్న లెక్కలతోనే మధ్యాహ్నం దాటింది. "మీకు ఈ నెలలో ఏ కేసు కష్టమైంది? ఎక్కడ చేయి ఆడలేదు?" అని ఎవరైనా అడుగుతారేమోనని చూచాము. ఎవరూ అడుగలేదు. సంతకాలు పెట్టించుకొని పంపించారు.

ఇంకొక సంగతి. చేతితో చేసే విద్య ఒకసారి నేర్చుకుంటే నిలిచేది కాదు. ఇది మన విద్యార్థులకు తేలికగా అర్థమయ్యే విషయం. మా వీధిలోని హాఫిజ్ గారు పన్నెండేళ్ల వయసుకే ముప్ఫయి పారాలు కంఠస్థం చేశారు. ఇప్పుడు వారికి అరవై దాటాయి. అయినా ప్రతిదినం ఫజర్ నమాజు తరువాత కూర్చుండి, వచ్చినదానినే మళ్లీ చదువుకుంటారు. ఏమండీ, మీకు రాదా అని చిన్ననాడు మేము అడిగితే, రోజూ చదువుతాను గనుకనే వచ్చు అన్నారు. ఊపిరి లేని బిడ్డ నర్సమ్మ చేతికి ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఏడాదికి ఒకటి రావచ్చు, రెండు రావచ్చు. ఆ ఒక్క నిమిషం కొరకు ఏడాది పొడుగునా చేయి సిద్ధంగా ఉండాలి. రెండు దినాల తరగతి ఆ చేతికి దారి చూపగలదు గాని, దానిని సిద్ధంగా ఉంచలేదు.

ఈ రహస్యం తెలిసినవారు మన పొరుగునే ఉన్నారు. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో డాక్టర్ రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే దంపతులు 1970లో పని ప్రారంభించి, చదువు రాని పల్లె స్త్రీలను ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. ఆ స్త్రీలు ఒకసారి నేర్చుకొని వెళ్లిపోలేదు. వారం వారం కేంద్రానికి వచ్చి, తమ ఊరిలో చూచినది చెప్పి, తెలియనిది అడిగి, కొత్తది నేర్చుకొని పోయేవారు. 1979లో ఆ దంపతులకు మెగసెసే పురస్కారం లభించింది.

మన గోదావరి, ప్రాణహితలకు ఆవల ఉన్న గడ్చిరోలి జిల్లా సంగతి ఇంకా చెప్పుకోదగినది. సిరొంచ వైపు మన తెలుగు మాటే వినిపించే జిల్లా అది. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 39 పల్లెలలో, అయిదు నుండి పది తరగతుల వరకు చదివిన స్త్రీలకు పసిబిడ్డల సంరక్షణ నేర్పారు. వారు ఇంటింటికీ పోయి బిడ్డను తూచేవారు, వేడి చూచేవారు, ఊపిరి అందనిచో అందించేవారు, చీము పట్టే జబ్బు గుర్తించి సూది మందు కూడా ఇచ్చేవారు. పక్షానికొకసారి వైద్యుడు వచ్చి వారి పుస్తకాలు సరిచూచి, తప్పులు దిద్ది పోయేవాడు. ఆ పల్లెలలో పుట్టిన నెలలోపు చనిపోయే బిడ్డల సంఖ్య వేయికి 62 నుండి మూడేళ్లలో సుమారు 25కు దిగింది. 1999లో ఈ ఫలితాలు అచ్చయిన తరువాత ప్రపంచమంతా ఆ వైపు చూచింది. ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ దినాలలో వెళ్లే నేటి పద్ధతికి మూలం ఆ పల్లెలే. అక్కడ గెలిచినది యంత్రం కాదు. పక్షానికొకసారి వచ్చి కూర్చుండి దిద్దిన ఆ అలవాటు.

మా ఖాలాకు అట్టి వైద్యుడు దొరకలేదు. ఆమె తన దారి తాను వెదకుకొన్నారు. శిక్షణలో చూచిన బొమ్మ వంటిది ఒకటి ఉపకేంద్రానికి ఇప్పించమని అడిగారు. రాలేదు. అప్పుడు అమ్మీ పాత దుప్పటి చింపి, దూది కూరి, మూరెడు బొమ్మ ఒకటి కుట్టి ఇచ్చింది. కళ్లూ ముక్కూ నల్లదారంతో కుట్టింది. ప్రతి బుధవారం టీకాల పని ముగిసిన తరువాత, ఖాలా తన క్రింది ఆశా కార్యకర్తలను కూర్చుండబెట్టి, బ్యాగు, మాస్కు బీరువాలోనుండి తీయించి, ఆ గుడ్డ బొమ్మ మీద అభ్యాసం చేయించేవారు. గడియారం చూచి నిమిషం లెక్కపెట్టేవారు. నవ్వినవారూ ఉన్నారు. ఆమె పట్టించుకోలేదు.

2013లో ఒక రాత్రి, ఒక కూలి ఇంటి కోడలు దారిలోనే నొప్పులు ఎక్కువై ఉపకేంద్రానికి వచ్చింది. బిడ్డ నీలంగా, కదలిక లేకుండా పుట్టింది. ఖాలా తుడిచారు, కప్పారు, నిమిరారు. ఆశా కార్యకర్త అడుగకుండానే మాస్కు అందించి, బయటకు పోయి 108కి ఫోను చేసింది. ఎన్నిసార్లు నొక్కారో ఖాలాకు జ్ఞాపకం లేదు. బిడ్డ ముందు ఎగశ్వాసగా ఒకసారి, తరువాత మరొకసారి గాలి పీల్చి, ఏడ్చింది. తెల్లవారక ముందే తల్లినీ బిడ్డనూ ఆసుపత్రికి చేర్చారు. ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతున్నది.

మరుసటి దినం ఖాలా బస్సెక్కి మా ఇంటికి వచ్చి అమ్మీకి ఈ సంగతి చెప్పారు. బొమ్మ కూడా సంచిలో తెచ్చారు. దాని చేయి ఒకటి కుట్టు ఊడింది. అమ్మీ ఏమీ అనలేదు. సూదీ దారం తెచ్చుకొని, ఆ చేయి మళ్లీ కుట్టి ఇచ్చింది.

ఇక మా తప్పు చెప్పుకోవలసిన చోటికి వచ్చాము.

2016లో, మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆరోగ్య కార్యకర్తల శిక్షణ పుస్తకం ఒకటి తెలుగులోకి తేవడానికి ఒక తెలుగు అధ్యాపకుని సాయం కావాలని ఒక కార్యాలయం వారు మమ్మల్ని అడిగారు. మేము సంతోషంగా ఒప్పుకున్నాము. పది రాత్రులు కూర్చుండి వ్రాశాము. ఊపిరి అందకపోవడానికి 'శ్వాసావరోధం' అని, వెచ్చగా ఉంచడానికి 'ఉష్ణ పరిరక్షణ' అని, మళ్లీ ప్రాణం పోయడానికి 'పునరుజ్జీవన ప్రక్రియ' అని సమాసాలు కూర్చాము. మా విశ్వవిద్యాలయంలో మాకు నేర్పిన తెలుగు అది. చదువుకొని మేమే మురిసిపోయాము. పుస్తకం అచ్చయింది. అనువాదకుని పేరు వేయలేదు.

కొన్ని నెలలకు ఖాలా మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె సంచిలో ఆ పుస్తకం ఉన్నది.

"బేటా, నువ్వు తెలుగు పంతులువి కదా, ఇది కాస్త చదివి చెప్పు. ఎవరో బాగా చదువుకున్న మహానుభావుడు రాసినాడు. ఆయన పురిటి గది ఎప్పుడూ చూసినట్టు లేదు. మా పిల్లలు చదివి, ఇది పరీక్షకా, పనికా అని అడుగుతున్నారు."

ఆ మహానుభావుడు మేమేనని ఆనాడు చెప్పలేకపోయాము. "చెప్పండి ఖాలాజాన్, మీరైతే ఎట్లా వ్రాస్తారు?" అని మాత్రం అడిగాము. ఆమె చెప్పుతూ పోయారు, మేము వ్రాస్తూ పోయాము. బిడ్డను పొడి గుడ్డతో తుడువు. తడి గుడ్డ తీసి వేరే గుడ్డ కప్పు. తల నిలకడగా పెట్టు. నోరు, ముక్కు శుభ్రం చేయి. వీపు నిమురు. ఊపిరి లేకుంటే ఆలస్యం చేయక మాస్కు పెట్టి బ్యాగు నొక్కు. పక్కనున్న మనిషిని 108కి ఫోను చేయమను. ఏడు వాక్యాలు. మా పుస్తకంలో ఇది తొమ్మిది పేజీలు. ఒక వైపు తెలుగులో, ఒక వైపు ఉర్దూలో ఆ ఏడు వాక్యాలూ పెద్ద అక్షరాలతో వ్రాయించి, అట్టకు అతికించి ఇచ్చాము. ఉర్దూ వైపు ఎందుకంటే, ఖాలా క్రింది ఆశా కార్యకర్తలలో ఇద్దరు ఉర్దూ బడిలోనే ఎనిమిదో తరగతి దాకా చదివినవారు. తెలుగు మాట్లాడగలరు గాని, అంత తేలికగా చదువలేరు. అంతవరకు వారికి వచ్చిన ప్రతి శిక్షణ పుస్తకమూ బీరువాలోనే ఉండిపోయిందని అప్పుడే మాకు తెలిసింది.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒకనాడు వైద్యశాస్త్రాన్ని సయితం ఉర్దూలో బోధించింది. అందుకొరకు ప్రత్యేకంగా అనువాద విభాగమే నడిచింది. వైద్యులకు కూడా దేశభాషలో చదువు చెప్పవచ్చునని చేసి చూపిన చోట, వైద్యుడు లేని పల్లెలో ఒంటరిగా నిలబడే స్త్రీకి ఆమె మాటలో ఒక పేజీ ఇవ్వలేకపోవడం మన లోపం. ఈ లోపానికి ప్రభుత్వాన్ని ఒక్కదానినే అనడం న్యాయం కాదు. మేము, మా వంటి భాషా పండితులు కూడా అందులో పాలు పంచుకున్నవారమే.

ఆ అట్ట ఉపకేంద్రపు గోడ మీద వ్రేలాడింది. ఖాలా 2020లో పదవీ విరమణ చేశారు. కరోనా దినాలు కాబట్టి వీడ్కోలు సభ జరుగలేదు. మొన్న ఆమెను వెంటబెట్టుకొని ఆ ఊరికి ఒక పెళ్లికి పోయినప్పుడు ఉపకేంద్రానికి కూడా వెళ్లాము. కొత్త కట్టడం, కొత్త నర్సమ్మ. అట్ట మాత్రం పాతదే. అయితే అందులో ఒక వాక్యాన్ని ఎవరో ఎర్ర సిరాతో కొట్టివేసి, పైన వేరే మాట వ్రాశారు. 'నోరు, ముక్కు శుభ్రం చేయి' అన్నది పోయి, 'అడ్డు ఉంటేనే నోరు, తరువాత ముక్కు శుభ్రం చేయి' అని ఉన్నది. ప్రతి బిడ్డకూ గొట్టం పెట్టి లాగనవసరం లేదని, అవసరం ఉంటేనే చేయాలని ఇప్పుడు నేర్పుతున్నారని ఆ కొత్త అమ్మాయి చెప్పి, "మేడమ్, మీరు వ్రాయించినది దిద్దాను, ఏమీ అనుకోకండి" అని నొచ్చుకున్నది.

ఖాలా ఆ ఎర్ర అక్షరాలను దగ్గరకు పోయి రెండుసార్లు చదివారు. ముఖం విప్పారింది. "అనుకోవడానికేముందమ్మా, ఇట్లా దిద్దుతూ ఉండు. నీ తరువాత వచ్చే పిల్ల నీది కూడా దిద్దుతుంది" అన్నారు. ఆ తరువాత బొమ్మ ఉన్నదా అని అడిగారు. బీరువాలో లేదు. బల్ల మీదనే ఉన్నది. బుధవారపు అభ్యాసం ఇంకా సాగుతున్నదట. బొమ్మకు ఈసారి కొత్త గుడ్డ తొడిగారు.

మా విద్యార్థిని అడిగిన మాటకు అర్థం మరునాడు చెప్పాము. శ్వాసావరోధం అంటే ఊపిరి ఆడకపోవడం అని, ఆ మాట వ్రాసినది మేమేనని కూడా తరగతిలో అందరి ఎదుట చెప్పాము. పిల్లలు నవ్వారు. మాకు తేలికయింది.

2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలను గౌరవిస్తూ పురస్కారం ప్రకటించినప్పుడు అందరమూ చప్పట్లు కొట్టాము. చప్పట్లు మంచివే. కాని వారికి కావలసినది అడగడానికి ఒక మనిషి, అభ్యాసానికి ఒక గంట, చదవడానికి తమ భాషలో ఒక పేజీ. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండూ బోధించే అధ్యాపకులు ఉన్నారు. రెండూ వ్రాయగల విద్యార్థులూ ఉన్నారు. జాతీయ సేవా పథకం శిబిరాలలో ఏటా రోడ్లు ఊడ్చి వస్తున్నాము. ఒక ఏడు దగ్గరి ఆరోగ్య కేంద్రానికి పోయి, అక్కడి కార్యకర్తలు చెప్పుతూ ఉండగా, వైద్యాధికారి సరిచూస్తూ ఉండగా, అట్టి పేజీలు పది తయారుచేసి ఇవ్వగలమేమో కళాశాల కమిటీ వారు ఆలోచించవలసిందని కోరుతున్నాము. ఏటేటా వాటిని తిరిగి దిద్దే బాధ్యత కూడా మనదే కావాలి. దిద్దకుండా గోడకు వదిలివేసిన పాఠం ఒకనాటికి హాని చేస్తుంది. ఆ సంగతి మా ఇంటిలో అందరికీ తెలుసు.

చివరగా ఒక మాట. ఈ వ్యాసం వ్రాయడానికి కూర్చున్న రాత్రి మా బల్ల సొరుగులోని పాఠపు నోట్సు తీసి చూచుకున్నాము. ఉద్యోగంలో చేరిన సంవత్సరం వ్రాసుకొన్న కాగితాలు అవి. అంచులు పచ్చబడినాయి గాని, ఎక్కడా ఎర్ర సిరా కనిపించలేదు. పునశ్చరణ తరగతులకు మేమూ పోయి, ధ్రువపత్రాలు తెచ్చుకొని దాచుకున్నవారమే. ఈ సెలవులలో ఆ నోట్సు మొదటి పేజీ నుండి దిద్దడం మొదలు పెట్టాము.